బొంగరానికి కుట్టిన స్కర్టు

జూన్ 18

చెల్లీ,

నీ కూతురు బళ్ళో చేరింది. చేరిన మూడో రోజే నన్ను పిలిపించారు. ఏమైందో ఏమోనని చేతిలో కత్తెర పట్టుకునే పరిగెత్తాను. తీరా చూస్తే మన బొంగరం బెంచీల మీద నుంచి బెంచీల మీదకి గెంతుతూ క్లాసంతా చుట్టి వచ్చిందట. పొద్దున నిలబడి పాట పాడేటప్పుడు అందరూ రెండు కాళ్ళ మీద నిలబడితే ఇది ఒంటికాలి మీద గెంతిందట. నీళ్ళ పంపు చుట్టూ తిరిగీ తిరిగీ కళ్ళు తిరిగి పడి, లేచి నవ్విందట. పెద్ద టీచరమ్మ ఇవన్నీ చెప్తుంటే, దొంగతనం చేసిన దాని పెద్దమ్మలాగా తల వంచుకుని నిలబడ్డాను.

"ఒకటో తరగతి అంటే ఆటలబడి కాదమ్మా, కూర్చునే తరగతి. మూడు నెలలు చూస్తాం. నిలకడ రాకపోతే మీ పిల్లని మీరు తీసుకెళ్ళండి" అంది.

ఆ బడి బట్టలన్నీ కుట్టేది నేనేనని నీకు తెలుసు. ఆవిడ మొహం చిట్లిస్తే నా మిషను ఆగిపోతుంది. అదలా ఉంచు. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇంకో బడి లేదు. దీన్ని పంపించేస్తే పగలంతా ఒళ్ళో పెట్టుకుని నేను కుట్టలేను. అప్పుడు నువ్వు ఉద్యోగం మానుకుని రావాలి. ముందే చెప్తున్నా, తర్వాత నా మీద పడి ఏడవకు.

మీ బావ కులాసా. ఆయనకేం, రాగానే దాన్ని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పుతారు. చెడగొట్టేది ఆయన, మాటలు పడేది నేను.

నీ అక్క


జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అన్నాల వేళ అందింది. అన్నం డబ్బా పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నన్ను రమ్మని మాత్రం అనకు. రెండేళ్ళ ఒప్పందంలో ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళని ఈ ఆస్పత్రి మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వదు. నాకింకో పని దొరకదు. చదువు లేని ఒంటరిదాన్ని ఎవరు పెట్టుకుంటారు?

ఇక్కడ రోజంతా దుప్పట్లు. ఉడుకుతున్న నీళ్ళలోంచి తీసినవి తీసినట్టు బల్ల మీద పరిచి ఇస్త్రీ చెయ్యాలి. ఆవిరికి నా మొహం ఎప్పుడూ ఉబ్బిపోయి ఉంటుంది. నా పక్క బల్ల ఆవిడ నన్ను "బూరె" అని పిలుస్తుంది. నవ్వుకో.

బొంగరాన్ని కూర్చోబెట్టు. ఏం చేస్తావో నాకు తెలీదు, ఎలా చేస్తావో అడగను. భయపెట్టు, రెండు తగిలించు, నేనేం అనుకోను. ఆ బళ్ళోంచి మాత్రం బయటికి రానివ్వకు. నీకు దండం పెడతాను.

చెల్లి


జూలై 11

చెల్లీ,

నువ్వు తగిలించమంటే తగిలించాను. దెబ్బ పడితే అది ఇంకాస్త ఎత్తుకి గెంతుతుంది, అంతే తేడా. నిన్న కత్తిరించే బల్ల మీద నుంచి గుడ్డల కుప్పలోకి దూకింది. కుప్పలో సూదులుంటాయే అని నేను కేక పెడితే "నేను సూదుల మధ్యలో దూకాను పెద్దమ్మా" అంటుంది. చెప్పు, దీనికేం మందు వెయ్యాలి?

ఇప్పుడు కొత్త తంటా వచ్చింది. కాలేజీ వాళ్ళట, బళ్ళో కొత్తగా చేరిన పిల్లలందరి నడుములకీ అగ్గిపెట్టంత పెట్టె ఒకటి కడతారట. ఆగస్టు ఆఖర్న, ఒక వారం పాటు. పిల్ల ఎన్ని అడుగులు వేసింది, ఎంతసేపు గెంతింది, ఎంతసేపు కూర్చుంది, అంతా అది లెక్క పెడుతుందట. ఇదే పెట్టె ఏప్రిల్లో ఆటలబడిలో ఉండగా కూడా ఒక వారం కట్టారు, నాకు గుర్తే లేదు. "అప్పుడు మీ పాపే అందరికంటే ఫస్టండీ" అని ఆ కాలేజీ అమ్మాయి పళ్ళికిలిస్తూ చెప్పింది. పక్కనే పెద్ద టీచరమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండు పేజీల కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. చీమల్లాంటి అక్షరాలు. సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళు చాలని నేను అవేం చదువుతాను? పెట్టేశాను.

ఎందుకు కడుతున్నారో నాకు అంతుపట్టలేదు. నీకేమైనా తెలిస్తే రాయి.

నీ అక్క


జూలై 22

అక్కా,

ఎందుకు కడతారో నాకు తెలుసు. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక్కడ మా నడుములకీ కట్టారు, పోయిన చలికాలంలో. "ఊరికే, మీ ఆరోగ్యం కోసం" అన్నారు. మేం నమ్మాం. రెండు వారాలయ్యాక ఐదుగురిని పిలిచి పంపించేశారు. ఐదుగురివీ అందరికంటే ఎక్కువ అడుగులు. బల్ల దగ్గర నిలబడకుండా తిరుగుతున్నారట. అందులో ఒకావిడ పాపం నీళ్ళ విరేచనాలై మాటిమాటికీ వెళ్ళొచ్చింది. పెట్టెకి అదంతా తెలుస్తుందా? అంకె చూశారు, పీకేశారు.

బళ్ళోనూ అంతే. మూడు నెలలు చూస్తామన్నారు కదా, ఆ మూడు నెలల చివర్నే పెట్టె కడుతున్నారు కదా. ఇంకా అర్థం కాలేదా? ఏప్రిల్లో ఫస్టు వచ్చిందంటే దీని మీద ముందే కన్ను పడిందన్నమాట.

ఆ వారం అంకె తక్కువ రావాలి. అందరికంటే తక్కువ రావాలి. ఇప్పట్నుంచే అలవాటు చెయ్యి. నా బతుకు నీ చేతిలో ఉందక్కా.

చెల్లి


ఆగస్టు 12

చెల్లీ,

ఇక నువ్వు కంటినిండా నిద్రపో. దారి దొరికింది.

నాలుగు రోజులు ఆలోచించాను. దెబ్బకి లొంగదు, మాటకి లొంగదు. నాకు తెలిసిందల్లా గుడ్డ. బడి స్కర్టుకి కుచ్చులెక్కువ, గొడుగులా విచ్చుకుంటుంది. దానికి తోడు ఆ గెంతులు. కుచ్చులన్నీ విప్పేసి, అడుగు చుట్టుకొలత సగానికి సగం తగ్గించి, మోకాళ్ళ కింద లోపలివైపు గట్టి నాడా ఒకటి వేసి కుట్టాను. బయటికి ఏమీ కనపడదు. ఇస్త్రీ మడత చెడని చక్కటి స్కర్టు. కాలు జానెడు కంటే ముందుకి పడదు. నడవొచ్చు, కూర్చోవచ్చు. పరిగెత్తబోతే మాత్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. మొదటి రోజు రెండుసార్లు బోర్లా పడింది. మోకాలి చిప్ప కాస్త గీరుకుంది, పసుపు పెట్టాను. మూడో రోజుకి నేర్చేసుకుంది.

ఇంకో మాట కూడా చెప్పాను దాంతో. "నీ నడుముకి పెట్టె కడతారు, నువ్వెక్కువ అడుగులేస్తే అది అమ్మకి చెప్తుంది, అప్పుడు అమ్మ ఇక రాదు" అన్నాను. "ఇంట్లో వేసినవి కూడా చెప్తుందా?" అంది. చెప్తుందన్నాను. అప్పట్నుంచి నీళ్ళు కావాలన్నా లేచి వెళ్ళడం లేదు, నన్నే అడుగుతోంది.

మీ బావకి నచ్చలేదు. "దాని నడక చూస్తుంటే నా ఒళ్ళు జలదరిస్తోందే" అన్నారు. పిల్ల నిలకడగా ఉంటే జలదరిస్తుందట! మగాళ్ళకి ఇంట్లో గోల ఉంటేనే ఊపిరాడుతుంది కాబోలు.

నీ అక్క


ఆగస్టు 23

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ చేతులు కళ్ళకద్దుకోవాలి. చిన్నప్పుడు నువ్వు నాకు చిరుగులు కుట్టిచ్చిన బట్టలు వేసుకుని నలుగురిలో సిగ్గుపడేదాన్ని, క్షమించు. పక్క బల్ల ఆవిడకి నీ స్కర్టు సంగతి చెప్తే "మీ అక్క బుర్రే బుర్ర" అంది.

బాగా చెప్పావు దాంతో. నేను రానంటే భయపడాలి. భయం లేకపోతే ఈ లోకంలో ఎవరూ ఒక చోట కూర్చోరు. నేనూ అలాగేగా కూర్చున్నాను.

పెట్టె విప్పేశాక కూడా కొన్నాళ్ళు ఆ స్కర్టే వెయ్యి. మళ్ళీ మొదలెడుతుంది.

చెల్లి


సెప్టెంబరు 16

చెల్లీ,

గెలిచాం!

పెట్టెల వారం అయిపోయింది. ఏడు రోజులూ మన బొంగరం బెంచీ దిగితే ఒట్టు. ఆట వేళ అందరూ బయటికి పోతే ఇది గోడకానుకుని కూర్చుందట. నాలుగు రోజుల కింద పెద్ద టీచరమ్మ క్లాసు ముందు నిలబెట్టి "ఈ పాపని చూసి నేర్చుకోండి" అని పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించింది. సీటు ఖాయం. నీ ఉద్యోగం ఖాయం.

ఇంకా విను. నన్ను పక్కకి పిలిచి, "మీ పాప స్కర్టు ఏదో వేరేగా ఉందే, చాలా పొందిగ్గా ఉంది" అంది. దాపరికం ఎందుకని చెప్పేశాను. ఆవిడ తిప్పి తిప్పి చూసి, చిన్న తరగతుల ఆడపిల్లలందరికీ ఇలాగే కుట్టెయ్యమంది. అరవై స్కర్టులు! మూడు రోజులుగా వంచిన నడుము ఎత్తలేదు. నా పక్కనే చిన్న పీట మీద కూర్చుని మనది బొత్తాలు అందిస్తోంది. కదలదు, మెదలదు. దానికి నేనంటే ప్రాణం చెల్లీ. రాత్రి నా కొంగు పట్టుకోకపోతే కన్ను మూయదు. ఇది నీకు కోపం తెప్పించడానికి రాయడం లేదు, ఉన్న మాట.

నీ అక్క


అక్టోబరు 4

చెల్లీ,

నువ్వు చెప్పింది అబద్ధం. ఆ పెట్టె సంగతి నీకేమీ తెలీదు.

నిన్న ఆ కాలేజీ అమ్మాయి మన ఇంటికే వచ్చింది. గుమ్మంలోనే "పాపకి ఒంట్లో బాగోలేదా అండీ?" అంది. బంగారంలా ఉందన్నాను. ఏప్రిల్లో అందరికంటే ఎక్కువ కదిలిన పిల్ల ఆగస్టులో అందరికంటే తక్కువైందట. పెట్టె పాడయిందనుకుని రెండుసార్లు చూసుకున్నారట. పెట్టె బాగానే ఉందట. కాళ్ళకి జబ్బేమైనా వచ్చిందేమో, డాక్టరుకి చూపించండి అని చెప్పడానికి వచ్చింది.

ఈ ఈడు పిల్లలు రోజుకి గంటసేపైనా ఒళ్ళు చెమటలు పట్టేలా పరుగులు పెట్టాలట! గెంతాలట! బళ్ళో చేరగానే పిల్లలు ఎంతలా కదలడం మానేస్తున్నారో తేల్చి, పెద్ద టీచరమ్మలకి బుద్ధి చెప్పడానికే ఈ పెట్టెలు కట్టారట. అంకె ఎక్కువ రావాలి, తక్కువ కాదు. ఆ రెండు పేజీల కాగితంలో ఇదే రాసుందట.

మాట్లాడుతూ మాట్లాడుతూ మిషను మీదున్న స్కర్టు చేతిలోకి తీసుకుంది. రెండు పిడికిళ్ళూ లోపల పెట్టి విచ్చదీయబోయింది. విచ్చుకోలేదు. లోపలి నాడా చూసింది. నా వైపు చూసింది. దాన్ని మిషను మీద పెట్టేసి, ఇక్కణ్ణుంచి నేరుగా బడికే వెళ్ళిందట. నన్ను తిట్టినా బాగుండేది.

ఇవాళ పొద్దున్నే పెద్ద టీచరమ్మ నేను కుట్టిచ్చిన నలభై మూడు స్కర్టులూ నా మొహాన కొట్టింది. ఆవిడకసలు ఏమీ తెలీదట, నేనే ఆవిడని మోసం చేశానట. బడి పని మొత్తం ఇంకొకరికి పోయింది.

మీ ఆస్పత్రిలో అలా ఉంటే అన్నిచోట్లా అలాగే ఉంటుందా? ఎవడో నీ నడుముకి పెట్టె కడితే నా పిల్ల కాళ్ళు కట్టించావు.

నీ అక్క


అక్టోబరు 15

నా పిల్ల అని రాశావు. ఆ ముక్క దగ్గర ఉత్తరం కింద పడేశాను.

అది నా పిల్ల. నేను కూర్చోబెట్టమన్నాను. కాళ్ళకి నాడా కట్టమన్నానా? తల్లి అయిన ఏ ఆడదైనా ఆ పని చేస్తుందా? బోర్లా పడుతుంటే చూస్తూ, పసుపు పెట్టి, మళ్ళీ అదే స్కర్టు తొడుగుతుందా? కనని దానివి నీకేం తెలుస్తుందిలే. నీకది కూడా ఒక గుడ్డముక్క. కొలిచావు, కత్తిరించావు, కుట్టావు.

ఇప్పుడెలా నడుస్తోంది? డాక్టరు ఏమన్నాడు? ఆ రెండూ రాయి. ఇంకేమీ వద్దు.


అక్టోబరు 27

నీ ఉత్తరాలన్నీ నా దగ్గర ఉన్నాయి, ట్రంకు పెట్టెలో వరసగా. "ఏం చేస్తావో నాకు తెలీదు, ఎలా చేస్తావో అడగను." ఎవరు రాశారు? "అందరికంటే తక్కువ రావాలి." ఎవరు రాశారు? "నీ చేతులు కళ్ళకద్దుకోవాలి." అది కూడా నేనే రాసుకున్నానా? నేను కనలేదు. నిజమే. మరి కన్నదానివి నువ్వేం చేశావు? నాలుగేళ్ళ పిల్లని నా గుమ్మంలో దింపి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కావు. దానికి జ్వరమొస్తే నువ్వెక్కడున్నావు? దాని మొదటి పన్ను ఊడితే నీకు చూపించమని ఏడిస్తే, కాగితంలో చుట్టి దాచాను. ఇంకా నా దగ్గరే ఉంది.

అడిగినవి రెండూ రాస్తున్నాను. డాక్టరు ఎముకలు చూశాడు, కీళ్ళు చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు.

నాడా ఆ రోజే విప్పేశాను. కుచ్చుల స్కర్టు మళ్ళీ కుట్టి వేశాను. అయినా జానెడు అడుగులే వేస్తోంది. మీ బావ వీధిలోకి తీసుకెళ్ళి తనే ముందు పరిగెత్తి చూపించారు, ఆ వయసులో, ఆ ఆయాసంతో. అది నిలబడి చూసింది. "పెదనాన్నా, నీకు పెట్టె లేదుగా" అంది.

"ఇప్పుడు నీకూ లేదమ్మా, ఇక కట్టరు, నేను చెప్పింది అబద్ధం" అని దాని కాళ్ళు పట్టుకుని చెప్పాను. తల ఊపింది. అలాగే నడిచి వెళ్ళి పీట మీద కూర్చుంది.

నువ్వొచ్చి చూడు. వచ్చి నన్ను నాలుగు దెబ్బలు కొట్టు, పడతాను. తీసుకెళ్తానని మాత్రం అనకు. నేను బాగు చేస్తాను. నేను చేసింది నేనే బాగు చేస్తాను.


నవంబరు 21

చెల్లీ,

నువ్వొచ్చి పిల్లని తీసుకెళ్ళాక ఇది నీకు రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెంటికీ జవాబు లేదు.

నేను దారం కొనడానికి వెళ్ళిన గంటలో వచ్చావు. కనిపెట్టుకుని వచ్చావో, అలా కలిసొచ్చిందో నాకు తెలీదు. ఇంటికొచ్చేసరికి మీ బావ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. అరగంట ఆగమన్నారట, ఆగలేదట. పిల్ల "పెద్దమ్మ వచ్చాక వెళ్దాం" అందట. నువ్వు దాన్ని ఎత్తుకుని ఆటో ఎక్కావట. మీ బావ ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఈ ఇంట్లో ఇప్పుడు మిషను చప్పుడు తప్ప ఇంకేం లేదు. అదీ అప్పుడప్పుడే.

ఉద్యోగం మానేశావని మీ పక్క బల్ల ఆవిడ రాసింది, ఈ చిరునామా ఇచ్చిందీ ఆవిడే. దేనికోసం ఇదంతా చేశామో అది కూడా పోయింది.

నన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమించవు, నీ సంగతి నాకు తెలుసు. ఒక్క ముక్క రాయి. పరిగెడుతోందా? అది తెలిస్తే చాలు. ఔననో, కాదనో.

అక్క


డిసెంబరు 19

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇదే జవాబు, ఇదే ఆఖరు.

ఇక్కడ ఒకే గది. పక్క బల్ల ఆవిడ ఇప్పించింది. నాలుగిళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. సందు చివర పార్కు ఉంది. రోజూ సాయంత్రం తీసుకెళ్తాను. దీని ఈడు పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుచుకుంటూ తిరుగుతుంటారు. ఇది బెంచీ మీద మోకాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకుని కూర్చుంటుంది. వదులు నిక్కరు వేశాను, ఉత్త కాళ్ళతో గడ్డిలో వదిలాను, జారుడుబల్ల మీద కూర్చోబెట్టాను. "పరిగెత్తవే తల్లీ" అంటే "నువ్వు వెళ్ళిపోవుగా?" అంటుంది. వెళ్ళనంటాను. నమ్మదు. నేను బట్టలివ్వడానికి వెళ్తే, వదిలిన చోట వదిలినట్టే కూర్చుని ఉంటుంది. తిరిగొచ్చేసరికి నిక్కరు తడిసిపోయి ఉంటుంది, లేచి వెళ్ళదు.

మొన్న ఆదివారం కూరగాయలకి వెళ్ళాం. వీధి చివర ఒకావిడ సంచీ మోసుకుంటూ పోతోంది. వెనక నుంచి అచ్చం నీలాగే ఉంది. అదే ఒడ్డూ పొడుగూ, అదే ఒక పక్కకి ఒరిగిన నడక.

ఇది నా చెయ్యి విదిలించుకుంది.

పరిగెత్తింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా జనం తప్పుకుని దారిచ్చారు. చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆగలేదు. బుట్ట ఒకటి అడ్డం వస్తే మీద నుంచి గెంతింది. నేను వెనక పడి అందుకోలేకపోయాను. ఏప్రిల్లో పెట్టె కట్టినప్పుడు ఎలా పరిగెత్తిందో నేను చూడలేదు. ఇప్పుడు చూశాను. "పెద్దమ్మా, పెద్దమ్మా" అని ఒకటే అరుపు. ఆవిడ తిరిగింది. నువ్వు కాదు.

ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, జానెడు జానెడు అడుగులేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. అంత దూరం నడవడానికి చాలాసేపు పట్టింది. నేను ఎదురెళ్ళలేదు.

వచ్చి నా చీర పట్టుకుని అంది: "నేను పరిగెత్తానని పెద్దమ్మకి చెప్పకు."

చెప్పనని ఒట్టు వేశాను. అయినా రాస్తున్నాను. నువ్వు తెలుసుకుని, ఆ పరుగు ఇక ఎప్పటికీ చూడకుండా ఉండాలని రాస్తున్నాను.

ఇల్లు మారుతున్నాం. ఈ చిరునామాకి ఇక రాయకు.

పిల్ల తల్లి